ఇసకదారి తేలే పూట

మేడమీద గది,
పాత ప్రెస్సు వీధి,
జనవరి 6

ఒరే బామ్మర్దీ,

ఆశీస్సులు. నేను దీవులకి వెళ్తున్నాను. ఇది నీ సలహా అడగడానికి రాసిన ఉత్తరం కాదు. సలహాలిచ్చేవాళ్ళు ఇక్కడ కింది వాటాలోనే ముగ్గురున్నారు. నువ్వు నాతో వస్తున్నావని చెప్పడానికి రాస్తున్నాను.

ఇద్దరం ఒకే ఆఫీసులో ఆటుపోట్ల పట్టికలు తయారుచేసి బతికినవాళ్ళం కనక నీకు వివరించక్కర్లేదు. కానీ మర్చిపోవడంలో నిన్ను మించినవాడు లేడు కనక వివరిస్తాను. చంద్రుడి దారి కాస్త వంకర. ఆ వంకర పద్ధెనిమిదిన్నర ఏళ్ళకి ఒక చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టులో ఒక్క పూట సముద్రం అన్నిటికన్నా కిందికి దిగుతుంది. ఆ పూట, నూట పన్నెండు దీవుల్లో కొసన ఉన్న పెద్ద దీవికీ దాని పక్కనున్న పిల్ల దీవికీ మధ్య ఇసకదారి తేలుతుంది. నలభై నిమిషాలు. నడిచి వెళ్ళి నడిచి రావచ్చు.

మొదటిసారి మీ అక్కకి మాటిచ్చాను. పెట్టె సర్దుకుంది. ఆఫీసు విచారణ వచ్చి నెత్తిన పడింది. రెండోసారి ఆవిడ ఆస్పత్రి మంచం మీదుంది. మూడోది ఈ ఏప్రిల్ పంతొమ్మిది. దారి తేలడం పొద్దున్న ఆరూ యాభై రెండుకి, నీరు అట్టడుక్కి దిగడం ఏడూ పన్నెండుకి. యంత్రం లేకుండా చేత్తో వేశాను, పదకొండు రోజులు పట్టింది. నాలుగోసారికి నాకు తొంభై ఏడొస్తాయి. అప్పటికి నేనుండను. ఒకవేళ మొండిగా ఉన్నా నువ్వుండవు.

టికెట్లమ్మే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఒక రంగుల కాగితం చేతిలో పెట్టింది. అందులో సముద్రం నీలంగా, ఇసక తెల్లగా, మనుషులు పళ్ళు బయటపెట్టి ఉన్నారు. దీవుల గురించి నేను నలభై పుస్తకాలు చదివాను. రాసినవాళ్ళలో సగంమంది పడవ దిగకుండానే రాశారు. ఈ కాగితం రాసినవాడు పడవ ఎక్కను కూడా లేదు.

"వయసెంత తాతగారూ?" అంది.

"డెబ్భై తొమ్మిది."

"ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే. పుట్టినప్పుడూ అంతే."

"డెబ్భై అయిదు దాటితే తోడు లేనిదే లాంచీ ఎక్కనివ్వరండీ. చుట్టం అయ్యుండాలి. ఈ కాగితం మీద సంతకం పెట్టాలి."

"ఏ చుట్టమైనా పర్వాలేదా?"

"బతికున్న చుట్టం అయితే చాలు."

అలా వడపోస్తే మిగిలింది నువ్వు. నాకింకా చుట్టాలున్నారు, కానీ వాళ్ళతో నేను మాట్లాడను. వాళ్ళు చేసిన పనులు వాళ్ళకి తెలుసు.

మీ అక్క అప్పట్లో రాసుకున్న సామాను జాబితా పెట్టె మూత జేబులోనే ఉంది. "టార్చి, గొడుగు, ఆయన రెండో కళ్ళజోడు, వాంతుల మాత్రలు, వేరుశెనగలు (తమ్ముడికి), సూదీ దారం." అప్పుడు కూడా నువ్వు మాతో రావలసినవాడివే. ఆ జాబితా ప్రకారమే సర్దుతున్నాను. ఒక్కటి కలపను, ఒక్కటి తీసెయ్యను.

లాంచీ కాగితం జతచేశాను, సంతకం పెట్టి పంపు. ఇంకో కాగితం కూడా ఉంది. మన ఆఫీసు వందేళ్ళ సంచిక వేస్తోందట, పాతవాళ్ళని జ్ఞాపకాలు రాయమన్నారు. నేను పద్నాలుగు పేజీలు రాశాను, అంతా విచారణలో నా కొంప ముంచిన ఆ పొడుగు మెడ జిరాఫీ గురించే. చివర సాక్షిగా నీ సంతకం కావాలి. మార్చి ఒకటిలోగా చేరాలి.

బావ

*

అబ్బాయి ఇల్లు, మూడో అంతస్తు,
జనవరి 17

బావగారికి నమస్కారాలు.

ఉత్తరం చేరింది. మీ చేతిరాత ఇంకా అచ్చులాగే ఉంది. కోడలు చూసి "ఎవరు మామయ్యా, ఇంత అందంగా తిట్టారు?" అంది.

బావగారూ, నా మోకాళ్ళు మీకు తెలుసు. ఇక్కడ లిఫ్టు చెడిపోయి నెలయింది. కూరగాయలకి దిగితే మళ్ళీ ఎక్కేసరికి అవి వాడిపోతున్నాయి. పైగా నాకు నీళ్ళంటే భయం. పాతికేళ్ళు సముద్రం అంకెలు చదివానే గాని, సముద్రంలో కాలు పెట్టింది రెండుసార్లు. మీ చెల్లెలు కూడా నేను లేకపోతే ఒక్కత్తీ ఉండలేనంటోంది. (అలా అనలేదు. అంటుందని నా ఆశ.)

మీరు వేరే ఎవరినైనా తీసుకెళ్ళి, వచ్చాక నాకు చెప్తే నేను చూసినట్టే. చలికి కాళ్ళకి మేజోళ్ళు వేసుకోండి. మందులు వేళకి వేసుకోండి.

మీ బామ్మర్ది

*

మేడమీద గది,
జనవరి 25

ఒరే,

మోకాళ్ళు: లాంచీకి మెట్లు లేవు, చెక్క పలక వేస్తారు. నీళ్ళంటే భయం: ఆ పూట అక్కడ నీళ్ళే ఉండవు, అందుకే వెళ్తున్నాం. మా చెల్లెలు: ఫోను చేసి అడిగాను. "తీసుకుపొండన్నయ్యా, పది రోజులు ఇల్లు ఇల్లులా ఉంటుంది" అంది. అయిపోయాయి నీ సాకులు.

మొన్న డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. గుండె మీద గొట్టం పెట్టి విని, "ఈ వయసులో దీవులెందుకండీ?" అన్నాడు.

"ఏ వయసులో వెళ్ళాలి?" అన్నాను.

"ఏదైనా అయితే అక్కడ ఆస్పత్రి లేదు."

"ఇక్కడ ఉంది కదా, ఏం చేసింది?" అన్నాను. మీ అక్క పోయింది ఆయన చేతిలోనే. ప్రయాణానికి పనికొస్తానని చీటీ రాసిచ్చాడు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మేజోళ్ళ గురించి ఉంది, లిఫ్టు గురించి ఉంది. సాక్షి సంతకం గురించి ఒక్క ముక్క లేదు. అంకెలు చదివి బతికినవాణ్ణి నేను. లేని అంకె ముందు కనపడుతుంది నాకు.

మర్చిపోయానంటావేమో, గుర్తుచేస్తాను. ముప్ఫై ఏడేళ్ళ కిందట, ఆ పూటకి నెల ముందు, దారి తేలకపోయినా దాదాపు అంతే దిగే ఇంకో పూటకి నేను కట్టిన లెక్క మైనస్ సున్నా పాయింట్ రెండు. అంటే పట్టికలో సున్నా అనుకునే మట్టానికి జానెడు కింద. అచ్చయిన పుస్తకంలో మైనస్ లేదు. జానెడు కిందుండాల్సిన సముద్రం కాగితం మీద జానెడు పైకొచ్చింది. లాంచీ నడిపేవాడు పుస్తకాన్ని నమ్మి ఆ దారికి అడ్డంగా వెళ్ళాడు. లాంచీ ఇసక మీద కూర్చుంది. అరవైమంది, ఒక మేక, మూడు గంటలు. ఎవరికీ గోరు కూడా చిట్లలేదు. కానీ ఆ అరవైమందిలో మంత్రిగారి బామ్మర్ది ఉన్నాడు. లోకంలో సగం అనర్థాలకి బామ్మర్దులే మూలం.

విచారణ పెట్టారు. మన పద్ధతి నీకు తెలుసు. ఒకడు చేతిరాత కాగితం చూసి అంకెలు పైకి చదవాలి, రెండోవాడు వింటూ అచ్చు ప్రూఫుతో సరిచూడాలి. రోజుకి నాలుగువేల అంకెలు. మాటిమాటికీ "మైనస్" అంటే గొంతు పోతుందని, మైనస్ వచ్చినచోట చదివేవాడు పెన్సిలుతో బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టాలి. టక్. ఆ రోజు చదివింది నువ్వు, విన్నది జిరాఫీ. చేతిరాత కాగితాలు అప్పటికే చింపి వెనకవైపు చిత్తులెక్కలకి వాడేశాం. మిగిలిన సాక్ష్యం మీ ఇద్దరి నోళ్ళు.

జిరాఫీ ఆ పొడుగు మెడ ఎత్తి "టక్ వినపడలేదండీ" అన్నాడు. నువ్వు "గుర్తు లేదండీ" అన్నావు. ఆ సాయంత్రం మా వంటింట్లో పీట మీద కూర్చుని "కొట్టాను బావగారూ, వాడే వినలేదు" అన్నావు. మీ అక్క వినే ఉంది. విచారణలో ఎందుకు చెప్పలేదురా అంటే, "తాత్కాలికపు ఉద్యోగం, భయమేసింది" అన్నావు. సరే అన్నాను. నీ భయాన్ని నేను క్షమించాను, వాడి అబద్ధాన్ని క్షమించలేదు.

టక్ లేదంటే కాగితం మీద మైనస్సే లేదన్నారు. నన్ను లెక్కల బల్ల మీంచి లేపి బీరువాల గదిలో కూర్చోబెట్టారు. పదహారేళ్ళు పెన్సిళ్ళూ రబ్బర్లూ పంచిపెట్టాను. నా కుర్చీలో జిరాఫీ కూర్చున్నాడు. వాడి పెన్సిళ్ళు కూడా నేనే ఇచ్చాను. మొద్దువి ఏరి ఇచ్చాను.

ఇప్పుడు నీకు భయపడ్డానికి ఉద్యోగం లేదు. సంతకం పెట్టు.

వడ్రంగి చేత కొలకర్ర చేయిస్తున్నాను. సున్నా దగ్గర ఎర్రగీత.

బావ

*

అబ్బాయి ఇల్లు,
ఫిబ్రవరి 4

బావగారికి నమస్కారాలు.

లాంచీ కాగితం మీద సంతకం పెట్టి పంపుతున్నాను. వస్తాను. మీ చెల్లెలు అప్పుడే నా పెట్టె దింపింది.

రెండో కాగితం గురించి. పోయిన నెల పింఛను ఆఫీసు వరసలో జిరాఫీగారు కనిపించారు. ఆ మెడ ఇప్పుడు వంగిపోయింది. వాళ్ళావిడ పోయి రెండేళ్ళయిందట. నన్ను గుర్తుపట్టి, "మీ బావగారు బాగున్నారా? ఇంకా నన్ను తిడుతున్నారా?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు. నేను "లేదండీ" అన్నాను. "అయ్యో, అయితే ఒంట్లో బాగాలేదా?" అన్నారు.

ముసలివాళ్ళం బావగారూ, అందరం. ఇప్పుడు ఆ సంచికలో వేస్తే ఆయన మనవలు చదువుతారు. దీవులకి వెళ్దాం, ఇసకదారి చూద్దాం, మీ లెక్క రైటని సముద్రమే చెప్తుంది. ఇంకా నా సంతకం ఎందుకు?

మీ బామ్మర్ది

*

మేడమీద గది,
ఫిబ్రవరి 10

ఒరే,

సముద్రం ఎవరికి చెప్తుంది? నాకు చెప్తుంది. నాకు ముందే తెలుసు. తెలియాల్సింది ఆ సంచిక చదివేవాళ్ళకి.

వాడి మనవలు చదువుతారని నీకు బాధగా ఉంది. నేను బీరువాల గదికి వెళ్ళిన మర్నాడు మీ అక్క పెట్టె మళ్ళీ విప్పి చీరలు ఒక్కొక్కటే బీరువాలో పెట్టుకుంటుంటే నువ్వు చూశావా? నేను చూశాను. నోరెత్తి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మెడ వంగితే మంచివాళ్ళయిపోతారా? నా నడుమూ వంగింది, ఎవరైనా నన్ను మంచివాడన్నారా?

నీ సంతకం ఉన్నా లేకపోయినా ఇరవై అయిదో తారీఖున పద్నాలుగు పేజీలూ రిజిస్టరు పోస్టులో వెళ్తాయి. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. నేను రాజుని కూడా కాను, కాబట్టి పోయేదేం లేదు.

కొలకర్ర వచ్చింది. వడ్రంగి ఎర్రగీత ఒక వెంట్రుకవాసి పైకి వేశాడు. గీకించి మళ్ళీ వేయించాను. "ఎవరు చూస్తారండీ అంత?" అన్నాడు. ఇలాంటివాళ్ళే నా జీవితం నిండా.

బావ

*

అబ్బాయి ఇల్లు,
ఫిబ్రవరి 19

బావగారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరం ఆరుసార్లు మొదలుపెట్టాను. నీళ్ళు నమలకుండా రాసేస్తాను.

ఆ రోజు నేను టక్ కొట్టలేదు.

మీ కాగితం మీద మైనస్ ఉంది. నా కళ్ళతో చూశాను. ఈ మాట ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాను. కానీ జిరాఫీగారు అబద్ధం చెప్పలేదు. వినపడలేదంటే, అక్కడ వినడానికి ఏమీ లేదు.

పెన్సిలు బల్ల మీద ఉంది. నా కుడిచెయ్యి వేరుశెనగల పొట్లంలో ఉంది. ఎడంచేత్తో కాగితం పట్టుకుని చదువుతూ నములుతున్నాను. గుమ్మం దగ్గర సూపరింటెండెంటు చెప్పుల చప్పుడు వినిపించింది. చెయ్యి పొట్లంతో సహా బల్ల కిందికి పోయింది. కళ్ళు అంకె మీదే ఉన్నాయి, నోరు చదివేసింది, చెయ్యి మాత్రం రాలేదు. మరుక్షణం తెలిసింది. ఆయన నా వెనకే నిలబడ్డాడు. ఆయన వెళ్ళాక చెప్దామనుకున్నాను. ఆయన వెళ్ళేసరికి ఇంకో రెండువందల అంకెలు చదివేశాను. తర్వాత చెప్దామనుకున్నాను. ఆ తర్వాత అన్నది రాలేదు.

మీ సిఫారసు మీద వచ్చిన ఉద్యోగం. విచారణలో "కొట్టలేదు" అంటే పోయేది. "కొట్టాను" అంటే జిరాఫీగారిది పోయేది. అందుకని "గుర్తు లేదు" అన్నాను. దానివల్ల మీది పోతుందని ఆ గదిలోంచి బయటికొచ్చాకే అర్థమైంది. మీ వంటింట్లో మీ మొహం చూసి "కొట్టాను" అన్నాను. ఒక్కసారి అన్నాను బావగారూ. మీరు ముప్ఫై ఏడేళ్ళు నమ్మారు.

అక్కయ్యకి తెలుసు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం చెప్పేశాను. ఇప్పుడే బావగారికి చెప్పేస్తానన్నాను. నా చెయ్యి పట్టుకుని, "వద్దురా. ఆయనకి కోప్పడ్డానికి ఆ జిరాఫీ ఉండబట్టే ఇంట్లో మన మీద కోప్పడ్డం లేదు. ఉండనీ" అంది. నవ్వింది కూడా. నాకూ అది హాయిగానే అనిపించింది. అది నా తప్పు.

మీరు ఆ పద్నాలుగు పేజీలు పంపితే నా తప్పు మీ చేతిరాతలో అచ్చవుతుంది. మీ చేతిరాతలో తప్పు ఎప్పుడూ లేదు. అందుకే చెప్తున్నాను.

లాంచీకి ఇంకో చుట్టాన్ని చూసుకుంటారని తెలుసు. పెట్టె మళ్ళీ అటక మీద పెట్టించాను.

మీ బామ్మర్ది

*

మేడమీద గది,
మార్చి 8

నీ ఉత్తరం ఇరవై రెండున అందింది. పద్నాలుగు రోజులు జవాబు రాయలేదు. ఆ పద్నాలుగు పేజీలకి రోజుకొక పేజీ చొప్పున చింపాను. వెనకవైపు తెల్లగా ఉంది, చిత్తులెక్కలకి పనికొస్తుంది.

నీతో నేనిక మాట్లాడను. ఈ జన్మలో నీతో నోటిమాట లేదు.

కానీ ఇంకో చుట్టం లేడు. మిగిలినవాళ్ళందరి పేర్లూ రాసుకుని ఒక్కొక్కరినే తలుచుకున్నాను. ఒకడు అద్దె గొడవ, ఒకడు పెళ్ళిలో అన్న మాట, ఒకడికి నేనే ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తు రాలేదు. ఈ పేర్ల మధ్య నీ పేరు కూడా రాసి చూశాను. అప్పటికీ లాంచీ కాగితం మీద నీ సంతకమే ఉంది.

నేను వెళ్ళి తీరతాను. దానికి నువ్వు కావాలి. నా ఖర్మ.

ఏప్రిల్ పదిహేను, పొద్దున్న తొమ్మిది, పాత రేవు, రెండో గేటు. పెట్టె దింపించు. గొడుగు తెచ్చుకో. వేరుశెనగలు తేకు.

*

అబ్బాయి ఇల్లు,
మార్చి 15

బావగారికి నమస్కారాలు.

పెట్టె దింపించాను. మీ మేనల్లుడు "ఎన్నిసార్లు ఎక్కిస్తావు నాన్నా దాన్ని, అదేమన్నా లిఫ్టా?" అంటున్నాడు.

ఒక్క సంగతి. మాట్లాడకపోతే మీరు మందులు వేసుకున్నారో లేదో నాకెలా తెలుస్తుంది? లాంచీ కాగితం మీద తోడొచ్చేవాడి బాధ్యత అని రాసుంది.

మీ బామ్మర్ది

*

మేడమీద గది,
మార్చి 20

రాసి అడుగు.

*

పెద్ద దీవి, లాడ్జి, నాలుగో గది,
ఏప్రిల్ 17, పొద్దున్న

బావగారికి,

నమస్కారాలు. తలుపు కిందనుంచి తోస్తున్నాను. పొద్దున్నవి రెండూ వేసుకున్నారా? నిన్న లాంచీలో నాకు వాంతులవుతుంటే వెనకనుంచి ఎవరో మాత్ర అందించారు. తిరిగి చూసేసరికి మీరు సముద్రం చూస్తున్నారు. ధన్యవాదాలు.

మీ బామ్మర్ది

*

మూడో గది,
అదే రోజు

వేసుకున్నాను. ఆ మాత్ర మీ అక్క జాబితాలోది, ధన్యవాదాలు నాకు చెప్పకు.

నీ గురక గోడ దాటి వస్తోంది. పక్కకి తిరిగి పడుకో.

లాడ్జి ఆవిడ నన్ను చూసి, "ఇక్కడికొచ్చి పదేళ్ళయిందండీ, అక్కడ ఏ దారీ లేదు, మోకాలి లోతు తగ్గదు" అంది. "ఇంకో తొమ్మిదేళ్ళు ముందు రావలసింది" అన్నాను. గోడకి ఈ ఏటి పట్టిక తగిలించుంది. అదే మన ఆఫీసుది, యంత్రంతో వేసినది. మైనస్ సున్నా పాయింట్ రెండు అని అచ్చయింది. మైనస్ ఉంది. వేలు పెట్టి తడిమి చూశాను. టైము ఏడూ పద్నాలుగు అని వేశారు. యంత్రం రెండు నిమిషాలు తప్పు.

రేపు మధ్యాహ్నం రేవు గుంజ మీద ఉన్న మట్టం గుర్తుని బట్టి కొలకర్ర పాతాలి. ఒక్కడివల్ల కాదు. వచ్చి పట్టుకో. మాట్లాడకు.

*

నాలుగో గది,
ఏప్రిల్ 18, సాయంత్రం

బావగారికి,

నమస్కారాలు. కర్ర గట్టిగానే నిలబడింది. మీరు ఎడమకి జరపమని చెయ్యి ఊపారో, నన్ను పొమ్మన్నారో తెలియక కాసేపు ఇబ్బందిపడ్డాను.

రేపు పొద్దున్న ఆరుకి తలుపు తడతాను. ఒక్కసారి తడతాను. మీకు తెలుస్తుంది.

మీ బామ్మర్ది

*

మూడో గది,
ఏప్రిల్ 19, మధ్యాహ్నం

ఒరే బామ్మర్దీ,

ఇవాళ నువ్వు నా పక్కనే ఉన్నావు. అయినా రాస్తున్నాను. నీకు గుర్తుండకపోవడం నేనెరుగుదును.

ఆరూ యాభై రెండుకి ఏమీ తేలలేదు. మోకాలి లోతు నీళ్ళు అలాగే ఉన్నాయి. లాడ్జి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. నువ్వు నా వైపు చూడలేదు, పిల్ల దీవి వైపే చూస్తూ నిలబడ్డావు. ఏ మాటకామాటే చెప్పాలి, అది బాగుంది. సరిగ్గా ఏడూ ఒకటికి, నీళ్ళ నడుమ ఎక్కడో గేదె వీపులా నల్లగా కాస్త కనిపించింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఆ రెండూ కలిశాయి. తొమ్మిది నిమిషాలు ఆలస్యం. అది గాలి. లెక్క తప్పు కాదు.

లాడ్జి ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని మనకన్నా ముందు పరుగెత్తింది.

ఏడూ పన్నెండుకి కర్ర దగ్గర వంగి చూశాను. నీరు ఎర్రగీతకి జానెడు కింద. ముప్ఫై ఏడేళ్ళ కిందట కాగితం మీద చూసిన నీరు. "సున్నా పాయింట్ రెండు" అని పైకి చదివాను. ఎవరికోసం చదివానో నాకే తెలియదు, అలవాటు. అప్పుడు నువ్వు చేతికర్ర ఎత్తి ఇసకలో ఒక్క దెబ్బ కొట్టావు.

ఇసకలో చప్పుడు రాదురా. కానీ చూశాను.

తర్వాత నడిచాం. మూడువందల పది అడుగులు, నేను లెక్కపెట్టాను. సగం దూరంలో నీ మోకాలు మొరాయించింది, నా భుజం పట్టుకున్నావు. నేను తొయ్యలేదు. పిల్ల దీవిలో ఏముంది? నాలుగు కొబ్బరిచెట్లు, ఒక విరిగిన పడవ. పుస్తకాలు రాసినవాళ్ళెవరూ ఇంత చిన్నదని చెప్పలేదు. మీ అక్క వచ్చుంటే "దీనికోసమా?" అని ఒక గంట నవ్వేది. నువ్వు టక్ కొట్టలేదన్న సంగతి ఆవిడ నాతో చెప్పకుండా పోయింది. నేను కోపిష్టినని మీరిద్దరూ కూడబలుక్కుని దాచారు. దాని మీద నాకు కోపంగానే ఉంది. ఆవిడ సంగతి నేను చూసుకుంటాను, నువ్వు మధ్యలో రాకు.

తిరిగొచ్చేటప్పుడు నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. నీళ్ళంటే భయమన్నావు, వెనకడుగు వెయ్యలేదు.

కింద రాసింది వేరే కాగితం మీద ఎక్కించి కవరులో పెట్టాను. జిరాఫీ అడ్రసు నీ దగ్గరుండే ఉంటుంది, రాసి రేవు దగ్గర పోస్టులో వెయ్యి.

"అయ్యా,

ఆ రోజు టక్ వినపడలేదని మీరు విచారణలో చెప్పిన మాట నిజం. నాకు ఈ మధ్యే రుజువైంది. ముప్ఫై ఏడేళ్ళు మిమ్మల్ని ఊరూరా తిట్టాను. ఆ తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను. మొద్దు పెన్సిళ్ళు ఏరి ఇచ్చినది నేనే, అది కూడా.

ఇసకదారి తేలింది. లెక్క సరిపోయింది. మీరు చూస్తే బాగుండేది.

ఒంట్లో బాగానే ఉంది. కంగారుపడకండి.

బీరువాల గది"

రేపు లాంచీ పదింటికి. నా పెట్టెలో వేరుశెనగల పొట్లం ఉంది. నిన్ను తేవద్దన్నాను గాని, మీ అక్క జాబితాలో ఉంది కనక నేను తెచ్చాను. ఒక్కటి కలపను, ఒక్కటి తీసెయ్యనని ముందే చెప్పాను. లాంచీలో నా పక్కన కూర్చో. ఏదైనా మాట్లాడదాం.

పొట్లం మాత్రం నేను పట్టుకుంటాను.

బావ